నేనడిగిన వేరే పళ్ళెం

పోయిన శనివారం సాయంత్రం, మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ముగ్గురమ్మాయిల్లో వరంగల్ అమ్మాయి మెట్లెక్కి పైకి వచ్చి, హాల్లో గోడకేసి చూస్తూ కాసేపు తటపటాయించి, చివరికి అడిగేసింది.

"అంకుల్, ఆ గోడకున్న పెద్ద ప్లేట్ ఒక్కసారి ఇస్తరా? కింద మండి చేస్తున్నం. మా దగ్గర గంత పెద్దది లేదు."

మండి అంటే ఏమిటో నా ఈడు వాళ్ళకు చెప్పాలి. ఒకే పెద్ద పళ్ళెంలో మసాలా అన్నం పోసి, దానిమీద కోడిమాంసం పరిచి, చుట్టూ నలుగురు కూచుని అందరూ అందులోంచే తినే అరబ్బుల భోజనం అది. ఇప్పుడు హైదరాబాదులో సందుసందుకూ దొరుకుతుందట. మనం ఆ ఊళ్ళో తిరిగిన రోజుల్లో ఇరానీ చాయ్ దొరికేది గాని ఇది దొరికేది కాదు. ఈ పిల్లలు పగలంతా యూనివర్సిటీలో ఉండి, సాయంత్రాలు ఒకరు కాఫీ షాపులో, ఒకరు గ్రోసరీలో, ఒకరు ఆస్పత్రి కాంటీన్‌లో పనిచేస్తారు. ముగ్గురికీ ఒకే పూట షిఫ్ట్ లేకపోవడం కెనడాలోని మా హాలిఫాక్స్‌లో ఎండ కాసినంత అరుదు. ఆ పూటను వాళ్ళు మండితో పండగ చేసుకుంటున్నారు.

ఆ పళ్ళెం నీలం రంగుది, సైకిలు చక్రమంత ఉంటుంది. సరే, పిల్లలు తొక్కే సైకిలు చక్రమంత. నడుమ అరచేయంత మేర రంగు అరిగిపోయి లోపలి మట్టి కనిపిస్తుంది. నలభై ఏళ్ళ పైగా అది గోడ దిగలేదు. మా ఆవిడ ఇంట్లో ఉంటే ఆ రోజూ దిగేది కాదు. ఆవిడ, కొత్త ఇంట్లోకి మారుతున్న మా అమ్మాయికి సాయం చేయడానికని వాన్ అనే ఊరికి వెళ్ళి రెండు నెలలయింది. ఆ ధైర్యంతోనే స్టూలు వేసుకుని పళ్ళెం దించి, కడిగి, నేనే స్వయంగా కిందకి మోసుకెళ్ళి ఇచ్చాను. పళ్ళెంతోపాటు పళ్ళేనికి యజమానిని కూడా భోజనానికి పిలవక తప్పలేదు పాపం వాళ్ళకి.

నేల మీద దుప్పటి పరిచారు. నడుమ నా పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతోంది. చుట్టూ ముగ్గురూ బాసింపట్టు వేసుక్కూచున్నారు. నాకు మాత్రం మోకాళ్ళ నొప్పులని ఒక కుర్చీ, కుర్చీ ముందు చిన్న బల్ల, దానిమీద ఒక పేపర్ ప్లేటు, ప్లాస్టిక్ చెంచా.

"మీకు సెపరేట్‌గా పెట్టేశానండి అంకుల్," అంది గుంటూరమ్మాయి. "మా చేతులు పడకముందే తీసి ఉంచాను. నీట్‌గా ఉంది, ఏం ఫీలవ్వకుండా తినండి."

ఎంత మర్యాద తెలిసిన పిల్ల! ఆ పేపర్ ప్లేటు చూసి నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో తెలియక ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అన్నం చల్లారిపోతున్నా ఆగకుండా వాళ్ళకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆ పళ్ళెం మొరాకో దేశంలోని సఫీ అనే రేవు పట్నం నుంచి వచ్చింది. మా ఇంటి నుంచి కొంచెం దూరం నడిస్తే మా ఊరి రేవు కనిపిస్తుంది. అక్కడ ఫెర్రీ కోసం నిలబడ్డప్పుడల్లా సముద్రంకేసి చేయి చాచి, "సరిగ్గా ఎదురుగా, అవతలి ఒడ్డున ఉన్నదే నా సఫీ" అని వచ్చిన చుట్టాలందరికీ చూపించేవాణ్ణి. మొన్నామధ్య ఈ గుంటూరమ్మాయే ఫోన్‌లో మ్యాప్ తీసి, "అంకుల్, స్ట్రెయిట్‌గా వెళ్తే ఫ్రాన్స్ వస్తోంది" అంది. అవును, ఫ్రాన్సే. సఫీ అక్కడికి చాలా దక్షిణాన ఉంది. ఎదురుగా ఉందనుకోవడంలో మాత్రం ఒక సుఖముంది, దాన్ని ఏ మ్యాపూ చెడగొట్టలేదు.

అప్పట్లో నేను హాలిఫాక్స్‌లో, చేపల రేవులకు ఐసు తయారుచేసే యంత్రాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. కాకినాడలో పుట్టి, ఒంటి మీద చొక్కా నిలవని ఉక్కలో పెరిగి, మంచుదేశం వచ్చి, ఇంకో వేడిదేశం వాళ్ళకి ఐసు చేయడం నేర్పే ఉద్యోగం. పెళ్ళయి ఏడాది దాటింది గాని, కాగితాలు రాక మా ఆవిడ ఇంకా కాకినాడలోనే ఉంది. అద్దె గదిలో ఒక్క పళ్ళెం, ఒక్క గ్లాసు, ఒక్క గిన్నె. తిని, కడిగి, బోర్లించి, మర్నాడు మళ్ళీ వాటినే తిరగేసేవాణ్ణి. అలాంటి రోజుల్లో కంపెనీ సఫీకి ఒక యంత్రం అమ్మి, దాన్ని నడిపించి రమ్మని నన్నొక్కణ్ణే పంపింది. నా పనితనం చూసి ఏరికోరి పంపారని ఇంతకాలం అందరికీ చెప్పాను. నిజానికి పెద్ద ఇంజనీరుకి విమానమంటే భయం, రెండోవాడి భార్యకు నెలలు నిండాయి. మిగిలింది నేను.

గాలివానలో ఓడ మీద ఆ రేవులో దిగానని చెప్పడం కూడా నాకు అలవాటే. కాసాబ్లాంకా దాకా విమానంలోనూ, అక్కణ్ణుంచి బస్సులోనూ వెళ్ళాను. గాలివాన మాట మాత్రం పూర్తిగా కట్టుకథ కాదు, బస్సు కిటికీ అద్దం విరిగి ఉంది. పక్కసీట్లో గోనెగుడ్డలాంటి ముతక అంగీ, దానికి వెనక వేలాడే టోపీ వేసుకున్న పెద్దాయన దారిపొడుగునా నారింజపళ్ళు ఒలుస్తూ, తొనలు తీసి నా అరచేతిలో పెడుతూనే ఉన్నాడు. మాటకు మాట అర్థం కాకపోయినా అంత దూరం మేం ఊరికే లేము. తను అరబ్బీలో పొలం సంగతులు చెప్పాడనుకుంటాను, నేను తెలుగులో ఐసు సంగతులు చెప్పాను.

సఫీ నాకు మొదట ముక్కుతో పరిచయమయింది. ఊరు కంటబడకముందే వాసన వచ్చింది. సార్డిన్ చేపల వాసన, అంటే మన కవళ్ళ వాసనే. బస్సులో విదేశీయులిద్దరు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెలనిండా పీల్చాను. కాకినాడ జగన్నాథపురం వంతెన దాటితే వచ్చే వాసన అది, ఏడాది తర్వాత మళ్ళీ నా ముక్కుకి తగిలింది. ఊళ్ళోకి వెళ్ళాక అన్నీ వింతలే. అలలు వచ్చి కొట్టే రాతిమీద ఎప్పుడో పోర్చుగీసు వాళ్ళు కట్టిన కోట, దాని పక్కనే గిన్నెలు తోమినట్టు కీచుమంటూ వెళ్ళే గూడ్సు బండ్లు. ప్రతి గడప ముందూ ఒక పిల్లి, ఆ పిల్లి మొహంలో ఆ ఇంటి పట్టా తన పేరనే ఉన్నంత ధీమా. కాఫీ కొట్లలో కుర్చీలన్నీ వీధివైపే తిప్పి ఉండేవి. మగవాళ్ళు వరసగా కూచుని, వీధిలో పోయేవాళ్ళని సినిమా చూసినట్టు చూసేవాళ్ళు. పడవలు రాగానే చేపల కార్ఖానా కూత కూసేది, ఎక్కడెక్కడి సందుల్లోంచో ఆడవాళ్ళు తలగుడ్డలు బిగించుకుంటూ పరుగుపరుగున దిగేవాళ్ళు. చేపల బుట్టలు పడవ నుంచి లారీ దాకా చేతులు మారుతూ పోయేవి. ఒక్క చేప జారినా కొంగలంత పెద్ద సముద్రపు పక్షులు నేల తాకకుండా తన్నుకుపోయేవి. కొంగలంత కాదులెండి, కాకి కంటే కాస్త పెద్దవి.

నా రంగూ మీసమూ చూసి ఊళ్ళోవాళ్ళు "హింద్, హింద్" అంటూ మూగేవాళ్ళు. ఆ రోజుల్లో హిందీ సినిమాలంటే వాళ్ళకి ప్రాణం. నన్ను సినిమా హీరో అనుకున్నారని మా చుట్టాల్లో చాలామందికి చెప్పి ఉన్నాను. క్షవరం చేసినతను అద్దంలో నన్ను చూపిస్తూ చేసిన సైగల్ని బట్టి, వాళ్ళకి నేను గుర్తుచేసింది హీరో చేత ఆఖర్లో తన్నులు తినేవాణ్ణని తర్వాత తేలింది. పాట పాడమని పట్టుబట్టేవాళ్ళు. నాకు హిందీ పాట ఒక్కటీ పూర్తిగా రాదు. మా నాయనమ్మ పాడే దంపుళ్ళ పాట అందుకుంటే, హిందీయే అనుకుని కళ్ళు మూసుకుని తలలూపేవాళ్ళు.

ఐసు కర్మాగారంలో నాకు తోడుగా ఉన్నవాడు అక్కడి ఫోర్‌మన్. నాకంటే పదేళ్ళు పెద్ద. ఓడల మరమ్మతు చేసిన రోజుల్లో నేర్చుకున్న ఇంగ్లీషు వచ్చు. మొదటిరోజే నా భుజం మీద చేయివేసి "ఖూయా" అన్నాడు. తమ్ముడూ అని అర్థమట. ఏడాదిగా నన్ను వరసపెట్టి పిలిచినవాళ్ళు లేరు, ఆ ఒక్క పిలుపుకి పడిపోయాను. అక్కడ శుక్రవారం మధ్యాహ్నం ప్రతి ఇంట్లోనూ కూస్‌కూస్ వండుతారు. గోధుమరవ్వను ఆవిరి మీద ఉడికించి, దానిమీద మాంసమూ గుమ్మడికాయా క్యారెట్టూ ముల్లంగిలాంటి దుంపలూ పేర్చి పులుసు పోస్తారు. మొదటి శుక్రవారమే అతను, "మా అమ్మ నిన్ను తీసుకురమ్మంది" అన్నాడు. ఆ ఊళ్ళో నాకు తెరుచుకున్న ఇంటి తలుపు అదొక్కటే.

ఇక్కడ మా నాయనమ్మ గురించి కొంచెం చెప్పాలి. మాది చేప తినే ఇల్లే గాని, ఎంగిలి విషయంలో ఆవిడ ముందు ఏ మఠమూ నిలవదు. కంచంలో పెట్టిన చేయి గిన్నె మీద వాలకూడదు. ఎంగిలి చేత్తో గరిటె తాకితే కూరంతా పారబోసినంత పని చేసేది. మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగలకూడదు, ఎత్తిపట్టి గొంతులో పోసుకోవాలి. మన ఎంగిలి పక్కవాడికి పెడితే పాపం మనకే చుట్టుకుంటుందని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. మీలో చాలామంది ఇలాగే పెరిగారు, మీకు వివరించక్కర్లేదు. ఆ బేస్‌మెంట్‌లో అమ్మాయిలకి మాత్రం వివరించాల్సి వచ్చింది.

ఫోర్‌మన్ ఇల్లు మెట్ల సందు పైన. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ముసలావిడ బుగ్గల మీద ముడతలు నవ్వినప్పుడు నవ్వుకంటే ముందే కదిలేవి. చేతుల మీద నీళ్ళు పోశారు, గుండ్రటి పొట్టి బల్ల చుట్టూ కూచోబెట్టారు. నడుమ ఒక పెద్ద నీలం పళ్ళెం వచ్చింది, దానిమీద కూస్‌కూస్ గుట్టగా పోసి ఉంది. అందరూ దేవుడి పేరు చెప్పుకుని, కుడిచేత్తో ఎవరి ముందున్న భాగంలోంచి వాళ్ళు తీసుకుని, అరచేతిలో దొర్లించి ముద్ద చేసి నోట్లో వేసుకున్నారు. మనం చేసినట్టే ముద్ద! నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆ చేతులు నోట్లోకి వెళ్ళి మళ్ళీ ఆ పళ్ళెంలోకే రావడం చూశాను. నా చేయి ఒళ్ళోంచి లేవలేదు.

ఆ పళ్ళెంలో మొదటి ముద్ద తీసి ఆ ఇంటి మనసు గెలిచేశానని నేను చెప్పే కథ మా వాళ్ళందరికీ తెలుసు. అమ్మాయిలకీ వచ్చిన కొత్తలో అలాగే చెప్పాను. అసలు నేను చేసింది, చాలా మర్యాదగా, చిరునవ్వుతో, నాకు వేరే పళ్ళెం కావాలని అడగడం.

ఫోర్‌మన్ ఆ మాట తల్లికి చెప్పాడు. ఆవిడ కోడలికేసి చూసింది. ఆ ఇంట్లో ఒక్క మనిషి తినే పళ్ళెం లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. కోడలు మేడమీది వాళ్ళింటికి వెళ్ళి ఒక పళ్ళెం ఎరువు తెచ్చింది. ముసలావిడ అందరికంటే ముందు నాకు మెత్తటి మాంసం, గుమ్మడిముక్క తీసి అందులో పెట్టింది. వాళ్ళంతా ఒకే చుట్టులో కూచుని తింటుంటే, అదే బల్ల దగ్గర నేను హాలిఫాక్స్‌లో గదిలో తిన్నట్టు ఒంటరిగా తిన్నాను. తర్వాత మజ్జిగ వచ్చింది. మొరాకోలో మజ్జిగ! పెద్ద గిన్నె ఒకటి చేతులు మారుతూ, అందరి పెదవులూ తాకుతూ నా దాకా వచ్చింది. మేడమీదికి గ్లాసు కోసం మళ్ళీ పంపించడం ఇష్టం లేక, గిన్నె ఎత్తిపట్టి, పెదవికి తగలకుండా పైనుంచి ధారగా గొంతులో పోసుకున్నాను. పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు.

రేవుకి తిరిగి వెళ్ళేటప్పుడు ఫోర్‌మన్ నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. గేటు దగ్గర ఆగి, "మా అమ్మ అడగమంది. మా ఇంట్లో ఏం శుభ్రంగా లేదని?" అన్నాడు.

నేను అదిరిపోయాను. శుభ్రం మాట కాదనీ, మా ఊళ్ళో ఒకరి నోటి తడి ఇంకొకరికి తగలనివ్వరనీ, నా చేయి మీ అన్నంలో పెట్టి మీ అందరిదీ ఎంగిలి చేయడం తప్పనుకున్నాననీ చేతులు తిప్పుతూ చెప్పాను.

"అందరి చేతులూ అంతే కదా," అన్నాడు అతను. "నీ చేతికి ప్రత్యేకంగా ఏముంది?"

వాళ్ళమీద గౌరవంతోనే అలా చేశానని చెప్పిన మాట అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఆ ముసలావిడ వేళ్ళు నోట్లోంచి పళ్ళెంలోకి వచ్చినప్పుడు నా చూపు నాకు తెలియకుండానే పక్కకి తిరిగింది. అది అతనికి నా మొహంలోనే కనిపించి ఉంటుంది.

ఆ రోజు నుంచి నేను ఖూయాని కాదు, మిస్టర్‌ని. పనిలో ఏ లోటూ చేయలేదు, పిలిస్తే పలికేవాడు, అడిగింది తెచ్చేవాడు. మధ్యాహ్నం టీ మాత్రం నా కప్పు నా బల్ల మీదికి విడిగా వచ్చేది. ముందువారం అదే టీ అతను కూజా ఎత్తి, బారెడు ఎత్తునుంచి సన్నటి ధారగా గాజుగ్లాసులోకి పోసి, నురగ చూపించి మురిసేవాడు. బారెడు అంటే జానెడు. రెండోవారం యంత్రం తిరిగి, తెల్లటి ఐసు రేకులు రేకులుగా రాలింది. రేవంతా మూగి ఐసు దోసిళ్ళతో పట్టుకుని మొహాలకి రాసుకున్నారు. ఎవరో నన్ను భుజాలమీదికి ఎత్తారు. ఇది మాత్రం నిజం, ఒట్టు. ఆ పైనుంచి చూస్తే ఫోర్‌మన్ దూరంగా గోడకానుకుని నిలబడి, నన్ను చూసి, "కంగ్రాచులేషన్స్, మిస్టర్" అన్నట్టు తల పంకించాడు. వచ్చిన పని అయింది. నాకెందుకో ఏడుపొచ్చింది.

ఆ శుక్రవారం పిలుపు రాలేదు. మధ్యాహ్నం ఊరంతా తలుపులు మూసుకుంది. ఆ సందుల్లో ఒక్కణ్ణే తిరిగాను. ప్రతి తలుపు వెనకా అదే ఆవిరి వాసన, అదే గలగల. హోటల్లో నా బల్ల మీద రొట్టె, డబ్బాలోని సార్డిన్లు, ఒక పళ్ళెం. అంతదూరం వెళ్ళి తెరుచుకున్న ఒక్క తలుపునీ నా చేత్తో నేనే మూసుకున్నానని అప్పుడు పూర్తిగా తెలిసింది. తిరుగు ప్రయాణానికి ముందు ఇంకొక్క శుక్రవారమే ఉంది. ఈలోగా ఆ తలుపు మళ్ళీ తెరుచుకోకపోతే, జీవితాంతం ఆ ముసలావిడకి నేను, తన వంట చూసి ముడుచుకున్న మనిషిగానే మిగిలిపోతాను.

సఫీలో కుమ్మరులకు పేరు. ఊరి అంచున ఒక గుట్ట నిండా బట్టీలు, పొగ, ఎండబెట్టిన కుండలు. అక్కడికి వెళ్ళి ఆ ఇంట్లో చూసినలాంటి పెద్ద పళ్ళెం ఒకటి కొన్నాను. ఎందుకు కొన్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు. చెప్పడానికి మాట దొరకని చోట వస్తువు చూపిస్తే సరిపోతుందేమో అనుకున్నాను. ఆఖరి శుక్రవారం, పిలవకపోయినా, సరిగ్గా భోజనాల వేళకి, ఆ పళ్ళేన్ని రెండుచేతులా గుండెలకి హత్తుకుని ఆ మెట్లెక్కాను. గుట్టమీద బేరం దగ్గర్నుంచి నా వెంటపడ్డ పిల్లల గుంపు మెట్ల కింద నిలబడి తమాషా చూస్తోంది. తలుపు ఫోర్‌మన్ తీశాడు.

"మిస్టర్," అన్నాడు, గడపకి అడ్డంగానే నిలబడ్డాడు.

నేను పళ్ళెం చాచాను. వెనకనుంచి ముసలావిడ వచ్చింది. పళ్ళెం చూసింది, నన్ను చూసింది, చేయి పట్టుకుని లోపలికి లాగింది. బల్ల దగ్గర చోటు చూపించి తనే నా చేతులమీద నీళ్ళు పోసింది. మేడమీదికి వెళ్ళబోయిన కోడలి కొంగు పట్టుకుని నేనే ఆపానని చెబుతుంటాను. కొంగు లేదు, ఆవిడ లేవబోతుంటే నేను వద్దన్నట్టు చేయి ఊపాను. ఊపిన ఆ చేయే తీసుకెళ్ళి ఆ గుట్టలో పెట్టాను. వేడికి వేళ్ళు కాలాయి. అరచేతిలో దొర్లించి, మా నాయనమ్మ గోరుముద్దలంత గుండ్రంగా ముద్ద చేసి తిన్నాను. మళ్ళీ చేయి పెట్టాను. ముసలావిడ కూరముక్కలు నా వైపుకి తోస్తూనే ఉంది. నా వాటా కరిగేకొద్దీ మిగతావాళ్ళ వాటాల్లోంచి జారి నా ముందుకొస్తోంది. నా పళ్ళెంలో నేను తింటే ఎంత తిన్నానో నాకే తెలిసేది. అక్కడ నేనెంత తిన్నదీ, ఇంకెంత తినగలనో కూడా అందరికీ తెలుసు.

తర్వాత మజ్జిగ గిన్నె వచ్చింది. ఈసారి పెదవులకి ఆనించుకునే తాగాను. తాగి ముసలావిడకి అందించాను. ఆవిడ గిన్నె తీసుకుని, నన్నోసారి ఓరగా చూసి, గిన్నెను తలకంటే పైకి ఎత్తి, నేను చేసినట్టే పైనుంచి గొంతులో పోసుకోబోయింది. మజ్జిగ సగం ముక్కు మీద, సగం మెడ మీద పడింది. ఆవిడ పొలమారి, దగ్గి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది.

"ఇదేం తాగడం ఖూయా, ఇది స్నానం అంటోంది మా అమ్మ," అన్నాడు ఫోర్‌మన్.

ఆ నవ్వు రేవు దాకా వినిపించి, పడవలు ఆగిపోయాయి. సరే, పడవలు ఆగలేదు. మేడమీది వాళ్ళు మాత్రం కిందకి వచ్చి చూశారు.

నేను వచ్చేసే ముందు ఆవిడ నా కొత్త పళ్ళెం ఉంచేసుకుని, తన పాతది తుడిచి నా చేతిలో పెట్టింది. నడుమ రంగు అరిగిపోయిన పళ్ళెం అదే. ఆ అరుగుదల ఎన్ని చేతులదో, ఎన్ని శుక్రవారాలదో. చుట్టాలకి రేవు అధికారి బహూకరించాడని చెప్పేవాణ్ణి, ఇప్పుడు మీకు తెలిసిపోయింది. విమానంలో దాన్ని ఒళ్ళో పెట్టుకునే హాలిఫాక్స్ చేరాను. మరుసటి ఏడాది మా ఆవిడ వచ్చింది, కథంతా శ్రద్ధగా విని, "అయితే అంతమంది ఎంగిలి పడ్డ పళ్ళెమా!" అని దాన్ని వేడినీళ్ళతో మూడుసార్లు కడిగి, గోడకి తగిలించింది. అందంగా ఉందని అందరూ అన్నారు. నేనూ ఊరుకున్నాను. మా పిల్లలు ఎవరి గిన్నెలో వాళ్ళు సీరియల్ పోసుకుని, ఎవరి వేళకి వాళ్ళు తిని పెద్దవాళ్ళయ్యారు. గోడ మీది పళ్ళెం కింద ఎంతమంది తిన్నారో గాని, దాన్లో ఒక్కరూ తినలేదు. ఫోర్‌మన్ దగ్గర్నుంచి కొన్నేళ్ళు రంజాన్ పండక్కి కార్డు వచ్చేది, "ఖూయా" అనే మొదలయ్యేది. తర్వాత రాలేదు. నేనైనా రాయాల్సింది, రేపు రేపనుకుంటూ రాయలేదు.

ఇంతవరకు చెప్పి ఆగాను. బేస్‌మెంట్‌లో అన్నం చల్లారిపోయింది. మూడో అమ్మాయి, కడప నుంచి వచ్చిన పిల్ల, ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు, నా ముందున్న పేపర్ ప్లేటు కేసి చూసి, "అంకుల్, కిందికి దిగ్గలరా, మోకాళ్ళు ఏమంటాయో?" అంది.

మోకాళ్ళు చాలానే అన్నాయి. వరంగల్ అమ్మాయి ఒక చేయి, గుంటూరమ్మాయి ఒక చేయి పట్టుకుంటే మెల్లిగా దుప్పటి మీద చతికిలబడ్డాను. ముగ్గురూ జరిగి చోటిచ్చారు. చేయి పెట్టబోతూ ఒక్క క్షణం ఆగాను, ఈసారి అనుమానం నా గురించి. ముసలివాడి చేయి వీళ్ళకెలా ఉంటుందోనని. ఆ లోపలే గుంటూరమ్మాయి పెద్ద కోడిముక్క ఒకటి నా వైపుకి తోసి, "అది మీ సైడ్‌ది, మీరే ఫినిష్ చేయాలి" అంది.

ఆనాడు నేనడిగితే మేడమీదినుంచి ఎరువు తెచ్చిన పళ్ళెం ఇప్పుడు అడక్కుండానే నా ముందుకొచ్చే వయసొచ్చింది. డాక్టరు దగ్గర, పెళ్ళిళ్ళలో, మా పిల్లల ఇళ్ళలో కూడా నాకు వేరే కుర్చీ, వేరే పళ్ళెం, ఉప్పు తక్కువ కూర విడిగా పెడతారు. అంతా ప్రేమే, కాదనను. సఫీలో ఆ మెట్ల సందు ఇంట్లో ఇప్పుడు ఎవరుంటారో, ముసలావిడ పోయి ఎన్నేళ్ళయిందో, ఆ పిల్లలిద్దరూ తాతలయ్యారేమో, అక్కడ కూడా ఎవరి పళ్ళెం వాళ్ళదే అయిపోయిందేమో తెలుసుకోవాలని ఉంటుంది. నా కొత్త పళ్ళెం నడుమ రంగు ఈపాటికి అరిగిందో లేదో అన్నది మరీ తెలుసుకోవాలని ఉంటుంది.

అన్నం తగ్గేకొద్దీ నడుమ అరిగిన మట్టి బయటపడింది. నలుగురి వేళ్ళూ అక్కడికొచ్చి ఆగాయి. మా ఆవిడ వచ్చేది వచ్చేవారం. ఈలోగా పళ్ళెం మళ్ళీ గోడకెక్కించనా, కింద వాళ్ళ దగ్గరే ఉంచేయనా అని ఆలోచిస్తున్నాను. పేపర్ ప్లేటు మాత్రం వృథా పోలేదు, ఎముకలు వేసుకోవడానికి పనికొచ్చింది.